చిటోసాన్, కార్బోపాల్ కలిపితే పాలు విరిగినట్టు ఎందుకవుతోంది?

ప్రశ్న: కర్నూలులో ఎం.ఫార్మసీ రెండో ఏడాది చదువుతున్నాను. నోటి ద్వారా ఇచ్చే ఇన్సులిన్ మాత్ర నా ప్రాజెక్టు. పేగులోని మ్యూకస్‌కు (జిగురు పొరకు) అంటుకుని ఉండేలా చిటోసాన్, కార్బోపాల్ 934పీ అనే రెండు పాలిమర్లూ వాడాలనుకున్నాను. ద్రావణాలు కలపగానే తెల్లటి ముద్దలు తేలుతున్నాయి. కార్బోపాల్ జెల్ ఒకరోజు చిక్కగా, ఇంకోరోజు నీళ్లలా వస్తోంది. మేక పేగు మీద అంటుకునే బలం చూస్తే ఒకే ఫార్ములాకు 8 గ్రాముల నుంచి 30 గ్రాముల దాకా తేడా. మందుల షాపులో కొన్న ఇన్సులిన్ వయల్‌ను ఫ్రీజ్ డ్రై చేసి కలిపాను. యూవీ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసి కొలిస్తే మాత్రలో 130 శాతం మందు ఉందంటోంది. ఇంకా నాలుగు నెలలే గడువు. మా నాన్న పదేళ్లుగా ఇన్సులిన్ సూది వేసుకుంటున్నారు. ఈ మందు ఎప్పటికైనా మాత్రగా వస్తుందా?
– ఒక విద్యార్థిని, కర్నూలు

సమాధానం: అమ్మా, మీకు ఎదురైన నాలుగు చిక్కులకూ నాలుగు వేర్వేరు కారణాలున్నాయి. వాటిలో మూడు వారం రోజుల్లో సరిదిద్దుకోగలిగినవే. నాలుగోది, అంటే మేక పేగు పరీక్ష, కాస్త ఓపిక అడుగుతుంది.

ముందు ముద్దల సంగతి. చిటోసాన్‌ను 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించినప్పుడు దాని అమైన్ గుంపులు ధనావేశం పొందుతాయి. కార్బోపాల్ అంటే పాలీ అక్రిలిక్ ఆమ్లం. దాని కార్బాక్సిల్ గుంపులది రుణావేశం. ఈ రెండూ ఒక బీకరులో కలిస్తే ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, మధ్యలో ఉన్న నీటిని బయటికి నెట్టేస్తాయి. మీకు కనిపించే తెల్లటి విరుగుడు అదే. నష్టం చూపుకే కాదు. చిటోసాన్ మ్యూకస్‌కు అంటుకునేది దానిలోని మ్యూసిన్ అనే ప్రొటీన్ మీదున్న సియాలిక్ ఆమ్లం, సల్ఫేట్ల రుణావేశాన్ని పట్టుకునే. ఆ పట్టు ముందే కార్బోపాల్ మీద ఖర్చయిపోతే పేగుకు మిగిలేది తక్కువ. ఈ విరుగుడునే కొలత ప్రకారం తయారుచేసి మందు నెమ్మదిగా విడుదలయ్యేలా వాడేవాళ్లూ ఉన్నారు గానీ, అది వేరే ప్రాజెక్టు.

రెంటిలో ఒకటి వదిలేయండి. నన్నడిగితే వదలాల్సింది చిటోసాన్‌నే. దాని పీకేఏ, అంటే అమైన్ గుంపుల్లో సగం ఆవేశం కోల్పోయే పీహెచ్, సుమారు 6.5. చిన్నపేగు మొదట్లో పర్వాలేదు గానీ, కిందికి పోయేకొద్దీ పీహెచ్ 7 దాటుతుంది. అక్కడ చిటోసాన్ ఆవేశం పోగొట్టుకుని, కరగకుండా అడుగుకు దిగుతుంది. ఏ పీహెచ్‌లోనైనా ఆవేశం నిలుపుకునేలా మార్చిన ట్రైమిథైల్ చిటోసాన్‌తో ఈ చిక్కు తీరుతుంది. కానీ దాన్ని తయారుచేసి, ఎంతమేరకు మార్పు జరిగిందో ఎన్ఎంఆర్‌తో నిరూపించేసరికే మీ నాలుగు నెలలు అయిపోతాయి. థయోమర్ల జోలికీ ఇప్పుడు పోవద్దు. సిస్టీన్ తగిలించిన ఆ పాలిమర్లు మ్యూసిన్‌తో డైసల్ఫైడ్ బంధం వేసుకుని బాగా పట్టుకుంటాయన్నది నిజమే. అయితే గాలి తగిలితే ముందే ఆక్సీకరణ చెందుతాయి. పైగా ఇన్సులిన్‌లోనే మూడు డైసల్ఫైడ్ బంధాలున్నాయి. ఆ థయాల్ గుంపులు వాటినే కదిపే ప్రమాదం ఉంది.

కార్బోపాల్‌లో కూడా 934పీ బదులు 974పీ అడగండి. 934పీ తయారీలో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ వాడతారు, 974పీలో ఈథైల్ ఎసిటేట్. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఈ ప్రశ్న అడిగితే చెప్పడానికి జవాబూ ఉంటుంది.

జెల్ రోజుకో రకంగా రావడానికి రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి పొడి వేసే తీరు. సంగటి కెలికేటప్పుడు పిండి ఒక్కసారిగా గుమ్మరిస్తే పైన ఉడికి లోపల పొడిపిండి మిగిలిన ఉండలు కడతాయి కదా, కార్బోపాలూ అంతే. పైపొర నీళ్లు పీల్చి జిగురై లోపలికి తడి పోనివ్వదు. స్టిర్రర్‌ను 800 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, సుడి అంచున జల్లెడతో కొద్దికొద్దిగా చల్లండి. 0.5 శాతం ద్రావణానికి పొడి మొత్తం పడ్డాక వేగం తగ్గించి, గంటసేపు నాననివ్వండి. ఆ తర్వాతే ట్రైఇథనోలమీన్ అనే క్షారం చుక్కలు వేసి పీహెచ్ 6.5 దాకా తేవాలి. ముందే వేస్తే ఉండలు ఇక కరగవు. మిక్సీలాంటి హోమోజినైజర్ మాత్రం వద్దు. పాలిమర్ గొలుసులు తెగి, ఎంత న్యూట్రలైజ్ చేసినా పలుచగానే ఉండిపోతుంది.

రెండో కారణం నీళ్లు. మన జిల్లాల బోరునీళ్ల సంగతి తెలిసిందే. కెటిల్‌లో తెల్లటి పెచ్చు కట్టే నీళ్లవి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు రెండేసి కార్బాక్సిల్ గుంపులను కలిపి పట్టుకోవడంతో విచ్చుకోవాల్సిన గొలుసులు ముడుచుకుపోతాయి, జెల్ కూలిపోతుంది. కాలేజీ డిస్టిలేషన్ యూనిట్‌లో పెచ్చు పేరుకుని ఉంటే, పొంగిన నీరు కండెన్సర్‌లోకి తన్నుకొచ్చిన రోజు మీ జెల్ పలుచనవుతుంది. కండక్టివిటీ మీటర్‌తో చూడండి. 10 మైక్రోసీమెన్స్ లోపు ఉంటేనే ఆ నీళ్లు వాడండి. అనుమానం తీరాలంటే, బాగా వచ్చిన జెల్‌లో 1 శాతం కాల్షియం క్లోరైడ్ నాలుగు చుక్కలు వేయండి. కళ్లముందే పలుచబడుతుంది.

ఇంతా చెప్పాను గానీ, మాత్ర చేయడానికి మీకు జెల్ అక్కర్లేదు. పొడులు కలిపి నేరుగా కంప్రెస్ చేయండి. నీళ్లతో గ్రాన్యులేషన్ చేస్తే కార్బోపాల్ బంకగా మారి జల్లెడకు అతుక్కుపోతుంది. జెల్‌ను మ్యూసిన్‌తో కలిపి చిక్కదనం కొలిచే పరీక్షకే ఉంచుకోండి. మొదలుపెట్టడానికి ఈ ఫార్ములా చూడండి: 150 మి.గ్రా. మాత్రలో ప్రొటీన్ 10, కార్బోపాల్ 974పీ 30, హెచ్‌పీఎంసీ కే4ఎం 60, మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ 48.5, మెగ్నీషియం స్టియరేట్ 1.5 మి.గ్రా. 8 మి.మీ. ఫ్లాట్ పంచ్, హార్డ్‌నెస్ 4 నుంచి 6 కిలోలు. కార్బోపాల్‌ను 15, 30, 45గా మార్చి, తేడాను సెల్యులోజ్‌తో సర్దండి. ఫిల్లర్‌గా డైకాల్షియం ఫాస్ఫేట్ వాడొద్దు. మళ్లీ అదే కాల్షియం గొడవ. స్టియరేట్‌ను చివర్లో రెండు నిమిషాలు కలిపితే చాలు. ఎక్కువసేపు కలిపితే అది ప్రతి రేణువుకూ పూతలా పట్టి తడిని ఆపుతుంది, అంటుకునే గుణం పడిపోతుంది. తుంపర రోజుల్లో కార్బోపాల్ డబ్బా మూత తెరిచి పెట్టొద్దని వేరే చెప్పనక్కర్లేదు.

ఇక 130 శాతం. షాపులో దొరికే రెగ్యులర్ ఇన్సులిన్ వయల్‌లో మి.లీ.కు 40 యూనిట్లు ఉంటాయి. ఒక యూనిట్ అంటే 0.0347 మి.గ్రా., కాబట్టి 10 మి.లీ. వయల్ మొత్తంలో ఉన్న ఇన్సులిన్ సుమారు 14 మి.గ్రా. అదే వయల్‌లో సూక్ష్మజీవులు పెరగకుండా మెటా క్రెసాల్ వేస్తారు, మి.లీ.కు 2.5 నుంచి 3 మి.గ్రా. దాకా. అంటే మందుకన్నా ప్రిజర్వేటివే బరువులో దాదాపు రెట్టింపు! అది కూడా 270–280 నానోమీటర్ల దగ్గరే కాంతిని పీల్చుకుంటుంది, అదీ ఇన్సులిన్‌కన్నా చాలా ఎక్కువగా. ఫ్రీజ్ డ్రై చేసినప్పుడు క్రెసాల్ కొంత ఎగిరిపోతుంది, కొంత మిగులుతుంది. ఎంత మిగిలిందన్నది బ్యాచ్ బ్యాచ్‌కూ మారుతుంది. మీ 130 శాతంలో ఇన్సులిన్ వాటా ఎంతో ఆ రీడింగ్ చెప్పలేదు. దానికి తోడు పాలిమర్ మబ్బు. శాంపిల్‌ను 350 నానోమీటర్ల దగ్గర చూడండి; అక్కడ ఇన్సులిన్ ఏమీ పీల్చుకోదు. అయినా రీడింగ్ వస్తుంటే అది కాంతి చెదరడం వల్ల వచ్చేదే. సెంట్రిఫ్యూజ్ చేసి మళ్లీ చూడాలి.

ప్రొటీన్‌ను రంగుతో కొలిచే బ్రాడ్‌ఫోర్డ్ పద్ధతికి మారితే పోదా అనిపిస్తుంది. ఆ రంగు ముఖ్యంగా ఆర్జినిన్‌కు అతుక్కుంటుంది. ఇన్సులిన్‌లోని 51 అమైనో ఆమ్లాల్లో ఆర్జినిన్ ఒక్కటే కాబట్టి రంగు సరిగ్గా తేలదు. లోరీ అనే ఇంకో రంగు పద్ధతిలో, క్రెసాల్ ఫినాల్ కాబట్టి అదే రంగునిస్తుంది. ఇన్సులిన్‌కు నమ్మదగిన దారి, పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీనే: సీ18 కాలమ్, పీహెచ్ 2.3 దగ్గర 0.2 మోలార్ సోడియం సల్ఫేట్ 74 పాళ్లు, ఎసిటోనైట్రైల్ 26 పాళ్లు, 214 నానోమీటర్లు. మీ కాలేజీలో లేకపోతే గైడ్‌తో లేఖ రాయించుకుని అనంతపురం జేఎన్‌టీయూలోనో, కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో అడగండి. ఇప్పుడే అడగాలి సుమా. చివరి నెలలో అందరి శాంపిళ్లూ వరసలో ఉంటాయి. ఫిల్టర్ విషయంలోనూ జాగ్రత్త. నైలాన్ ఫిల్టర్ ప్రొటీన్‌ను పీల్చేసుకుంటుంది. పీవీడీఎఫ్ వాడి, మొదటి 2 మి.లీ. పారబోయండి.

అందుకే నా సలహా ఇది. అంటుకునే బలం, ఉబ్బడం, విడుదల – ఈ మూడింటికీ ఇన్సులిన్ బదులు బోవైన్ సీరం ఆల్బుమిన్ (ఆవు రక్తంలోని ప్రొటీన్) వాడండి. అణుభారం 66 వేల పైచిలుకు, 280 దగ్గర శుభ్రంగా కనిపిస్తుంది, ధరా తక్కువ. 5,808 అణుభారం ఉన్న ఇన్సులిన్‌కు ఇది నకలు కాదు, థీసిస్‌లో అలా రాయకూడదు కూడా. ఇన్సులిన్‌ను, అదీ వయల్ కాకుండా పొడి రూపంలో కొన్నదాన్ని, ఒకే ఒక్క ప్రయోగానికి దాచుకోండి. అదేమిటో కిందికి వెళ్లాక చెబుతాను.

పేగు పరీక్షలో 8కీ 30కీ మధ్య ఊగడం చూస్తే, తప్పు ఫార్ములాలో కన్నా పేగులోనే ఉందనిపిస్తోంది. మటన్ కొట్టులో పేగును ఏం చేస్తారో ఒకసారి నిలబడి చూడండి. నీళ్లు పట్టి, వేళ్లమధ్య పిండి, లోపలంతా తోమేస్తారు. కూర వండుకునేవాళ్లకు అదే కావాలి. మీకు కావాల్సిన మ్యూకస్ మాత్రం అక్కడే కాలువలో పోయింది. తెల్లవారుజామున కోసే చోటికే వెళ్లి, కడగకముందే జెజునం భాగం, అంటే చిన్నపేగు మధ్యభాగం, రెండడుగులు ఇమ్మని అడగండి. చల్లటి సెలైన్‌లో వేసి, ఐస్ పెట్టిన థర్మోకోల్ డబ్బాలో తెచ్చి, గంటలోపు పని మొదలుపెట్టండి. మన వేసవిలో ఐస్ లేకుండా బండి మీద అరగంట తెచ్చినా ఎంజైములు మ్యూకస్‌ను తినేస్తాయి. పొడవునా చీల్చి, సెలైన్‌ను పైనుంచి మెల్లగా జారవిడిచి ఆహారపు తుక్కు పోగొట్టాలి. గుడ్డతో తుడవకూడదు. మేకో గొర్రో ఏదైనా ఫర్వాలేదు, ప్రాజెక్టు అంతా ఒకటే వాడండి. అనంతపురం, కర్నూలు వైపు గొర్రె తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి అదే మేలు.

ఫిజికల్ బ్యాలెన్స్ పద్ధతిలో, అంటే త్రాసులో ఒకవైపు పేగుకు అంటించిన మాత్రను రెండోవైపు నీళ్ల బరువు పెంచుతూ ఊడదీసే పద్ధతిలో, మారకూడనివి మూడున్నాయి: మాత్రను పేగుకు నొక్కే బరువు, నొక్కి ఉంచే సమయం, రెండోవైపు నీళ్లు పడే వేగం. 20 గ్రాములు, 5 నిమిషాలు, బ్యూరెట్ నుంచి నిమిషానికి 5 మి.లీ. అని ఖాయం చేసుకోండి. నీళ్లు వేగంగా వదిలితే, మాత్ర ఊడేలోపే అదనంగా నాలుగైదు గ్రాములు పడిపోయి రీడింగ్ పెరుగుతుంది. ఇక చాలామంది పట్టించుకోనిది మాత్ర తడి. పొడి మాత్రను పెడితే అది మ్యూకస్‌లోని నీటిని గుంజుకుని, ఆ గుంజుడు వల్లే గట్టిగా పట్టుకుంటుంది. ద్రవం నిండిన పేగులో ఆ పరిస్థితి ఉండదు. అక్కడికి చేరేసరికే మాత్ర తడిసి ఉంటుంది. కాబట్టి అన్నింటికీ పీహెచ్ 6.8 బఫర్ 100 మైక్రోలీటర్లు వేసి, ఒక నిమిషం ఆగి పెట్టండి. రీడింగులు తగ్గుతాయి, కంగారుపడొద్దు. పీహెచ్ కూడా ముఖ్యమే. ఆమ్లంలో కార్బోపాల్ కార్బాక్సిల్ గుంపులు హైడ్రోజన్ బంధాలతో మ్యూసిన్‌ను బాగా పట్టుకుంటాయి. 6.8 దగ్గర అవి విడిపోయి రుణావేశం పొంది, మ్యూసిన్ రుణావేశంతో కాస్త వికర్షిస్తాయి. పీహెచ్ 1.2లో కొలిచిన బలాన్ని పేగు బలమని రాస్తే తప్పు.

ఒక్కో ఫార్ములాకు కనీసం ఆరు రీడింగులు, మూడు వేర్వేరు జంతువుల పేగుల మీద తీయండి. ఏ రోజు పేగు మీద ఆ రోజే రెండు పోలిక మాత్రలు కూడా పరీక్షించాలి: అంటుకోని ఈథైల్ సెల్యులోజ్‌ది ఒకటి, ఉత్త కార్బోపాల్‌ది ఒకటి. ఈథైల్ సెల్యులోజ్ మాత్ర కూడా 15 గ్రాములు చూపిస్తే ఆ రోజు పేగు పారేయాల్సిందే. లెక్క ఇలా: 20 గ్రాముల దగ్గర ఊడితే బలం 0.196 న్యూటన్లు, 8 మి.మీ. మాత్ర వైశాల్యం 0.503 చ.సెం.మీ., అంటే చ.సెం.మీ.కు 0.39 న్యూటన్లు. మాత్ర ఊడాక దాని అడుగు చూడటం మరవొద్దు. మ్యూకస్ తీగలు అంటుకుని ఉంటే తెగింది మ్యూకసే. పాలిమర్ అంతకన్నా గట్టిదే. పేగు మీద జెల్ మిగిలి ఉంటే మాత్రే ఎక్కువ ఉబ్బి బలహీనపడింది. నానబెట్టిన సబ్జా గింజ మొదట పట్టుకుని, బాగా నానాక జారిపోయినట్టు. కార్బోపాల్ 45 మి.గ్రా. దగ్గర మీకు ఇదే కనిపించే అవకాశం ఎక్కువ.

ఇక్కడే అసలు విషయం. మాత్ర బాగా అంటుకుందే అనుకోండి, దేనికి అంటుకుంది? పేగు గోడకు కాదు, దానిమీది మ్యూకస్‌కు. ఆ మ్యూకస్ నిలకడగా ఉండేది కాదు. పాతది ఊడిపోతూ కొత్తది ఊరుతూ ఉంటుంది. ఎలుకల పేగులో కొలిచినప్పుడు ఈ మార్పిడికి పట్టే సమయం 47 నుంచి 270 నిమిషాల మధ్య తేలింది. పైపొర ఊడితే మీ మాత్రా దాంతో వెళ్లిపోతుంది. ఉన్న కాసేపట్లో ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైములు ఇన్సులిన్‌ను ముక్కలు చేస్తుంటాయి. బతికి బయటపడ్డ అణువు కూడా కణాల మధ్య సందుల్లోంచి దాటలేదు. ఆ సందులు నానోమీటరు లెక్కలో ఉంటే ఇన్సులిన్ అంతకు పెద్దది, జింకుతో ఆరు అణువులు కలిసి ఉన్నప్పుడైతే మరీ పెద్దది. అంటుకోవడం వల్ల మందు గోడ పక్కన ఎక్కువసేపు ఉంటుంది. గోడ దాటించే పని దానిది కాదు.

అలాగని కార్బోపాల్ ఊరికే బంక కూడా కాదు. మీ జెల్‌ను కూల్చిన ఆ కాల్షియం ఆకలే ఇక్కడ పనికొస్తుంది. ట్రిప్సిన్ నిలబడటానికి కాల్షియం కావాలి. పాలీ అక్రిలేట్ దాన్ని లాగేసుకుంటే ఎంజైమ్ మందగిస్తుంది. మీరు దాచుకున్న ఇన్సులిన్‌ను ఈ ప్రయోగానికే వాడండి. పీహెచ్ 6.8 దగ్గర, 37 డిగ్రీల్లో, కాల్షియం కొద్దిగా ఉన్న ట్రిస్ బఫర్‌లో ట్రిప్సిన్‌తో ఇన్సులిన్‌ను ఉంచండి: ఒకదాంట్లో పాలిమర్ లేకుండా, ఒకదాంట్లో 0.25 శాతం, ఇంకోదాంట్లో 0.5 శాతం కార్బోపాల్‌తో. కార్బోపాల్ పీహెచ్‌ను కిందికి లాగుతుంది కాబట్టి అన్నింటినీ మళ్లీ 6.8కి సరిచేయాలి, లేకపోతే ఎంజైమ్ మందగించింది ఆమ్లం వల్లనో పాలిమర్ వల్లనో తేలదు. 0, 5, 15, 30, 60, 120 నిమిషాలకు శాంపిల్ తీసి, వెంటనే ఐసులో ఉంచిన 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే ఎంజైమ్ ఆగిపోతుంది. ఆమ్లంలో కార్బోపాల్ ముద్దకట్టి ఇన్సులిన్‌ను పట్టుకునే వీలుంది. ఎంజైమ్ లేని గొట్టంలో ఇన్సులిన్ ఎంత తిరిగి వస్తోందో పక్కనే చూసుకోండి. ఇన్సులిన్ కరిగించేటప్పుడు 0.01 నార్మల్ ఆమ్లంలో కరిగించి, పీహెచ్‌ను త్వరగా 7 దాటించాలి, 5.3 దగ్గర ఆగితే అది తెల్లగా కిందికి దిగుతుంది. గట్టిగా చిలకొద్దు, నురగ వస్తే పోగులు కట్టి పాడవుతుంది.

ఈ ఒక్క గ్రాఫ్, పైన చెప్పిన అంటుకునే బలం, పీహెచ్ 6.8లో ఆరు గంటల విడుదల – నాలుగు నెలలకు ఇవి చాలు. కొట్టునుంచి తెచ్చిన పేగులోంచి మందు ఎంత దాటిందో కొలిచే ప్రయోగం పెట్టుకోకండి. అది చనిపోయిన కణజాలం. అంటుకునే పరీక్షకు సరిపోతుంది, శోషణకు సరిపోదు. ఎలుకల మీద చేయాలంటే కాలేజీ జంతు నైతిక కమిటీ అనుమతి ముందుగా కావాలి, దానికి మీ గడువు చాలదు. ప్రాజెక్టు పేరులోంచి ‘ఓరల్ ఇన్సులిన్ డెలివరీ’ అన్న మాటలు తీసేయించండి. ‘ప్రొటీన్ మందులకు కార్బోపాల్ మాత్ర: అంటుకునే బలం, ట్రిప్సిన్ నుంచి రక్షణ’ అంటే మీరు కొలిచింది, రాసింది ఒకటవుతాయి. గైడ్ ఒప్పుకోకపోతే, బయోఎవైలబిలిటీ (రక్తంలోకి చేరే వాటా) ఎంతని ఎక్స్‌టర్నల్ అడిగితే ఏం చెప్పాలని ఆయన్నే అడగండి.

నాన్నగారి విషయం. పెద్ద అణువును మాత్రగా ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. షుగర్ వ్యాధికే వాడే సెమాగ్లూటైడ్ అనే మందు మాత్రకు 2019 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అందులో పని చేసేది అంటుకునే పాలిమర్ కాదు. మాత్రకు 300 మి.గ్రా. చొప్పున కలిపిన స్నాక్ అనే పదార్థం. అది జీర్ణాశయంలోనే మందు చుట్టూ ఆమ్లాన్ని తగ్గించి, గోడను దాటిస్తుంది. అంతా చేసినా రక్తంలోకి చేరేది 1 శాతం లోపే. సూదిగా వారానికి 1 మి.గ్రా. సరిపోయే మందును, మాత్రగా రోజుకు 14 చొప్పున వారానికి 98 మి.గ్రా. మింగాలి. సెమాగ్లూటైడ్ ఒంట్లో సగం తగ్గడానికి వారం పడుతుంది కాబట్టి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ చేరినా సర్దుకుంటుంది. ఇన్సులిన్ రక్తంలో నిమిషాల లెక్కలో పోతుంది. ఒకపూట 1 శాతం, ఇంకోపూట 2 శాతం చేరిందంటే డోసు రెట్టింపయినట్టే, షుగర్ పడిపోయి మనిషి కింద పడతాడు. ఒరామెడ్ సంస్థ ఇన్సులిన్ క్యాప్సూల్ మూడో దశ పరీక్షలో లక్ష్యాన్ని అందుకోలేదని 2023 జనవరిలో తేలింది.

కాబట్టి ఆయన సూది మానకూడదు. ‘ఇన్సులిన్ మాత్ర’ అని ఎవరైనా అమ్మజూపితే కొనొద్దు. సెమాగ్లూటైడ్ ఇన్సులిన్ కాదు, దానికి బదులూ కాదు. ఆయనకు అది పనికొస్తుందో లేదో డాక్టరే చెప్పాలి. వాడుతున్న వయల్ తెరిచి నాలుగు వారాలు దాటితే పారేయండి. వేసవిలో కిటికీ దగ్గర, బండి డిక్కీలో పెట్టొద్దు. ఫ్రిజ్‌లో డోర్ అరలో ఉంచండి. ఫ్రీజర్ కింద గడ్డకట్టిన వయల్ కరిగాక మామూలుగా కనిపించినా వాడకూడదు.